అడగకుండా నింపిన గడి

ఆ పెద్దాసుపత్రిలో చర్మరోగాల విభాగం ఎక్కడని ఎవరూ అడగక్కర్లేదు. మెట్లెక్కి మొదటి అంతస్తులో నిలబడితే చాలు, "చెయ్యి లాక్కోకు! లాక్కోవద్దన్నానా? పుండు నీదా, నాదా?" అనే గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు పట్టుకుని నడిస్తే విభాగం దానంతటదే వచ్చేస్తుంది. గేటు దగ్గర కాపలాదారు కూడా కొత్తవాళ్లకి అలాగే చెప్పేవాడు: "పైకెళ్లి చెవి పెట్టండి, మీకే తెలిసిపోతుంది."

ఆ గొంతు కట్లక్కది. ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. ఇరవై ఏడేళ్లుగా పుళ్లు కడిగి కట్లు కడుతోంది కాబట్టి కట్లక్క. ఆవిడకన్నా పెద్దవాళ్లూ అక్కా అనే అంటారు, నిన్నగాక మొన్న చేరిన డాక్టర్లూ అక్కా అనే అంటారు. మనిషి పొట్టి, నడక చురుకు, నోరు కారం. చెయ్యి మాత్రం వెన్న. పుండుకి అతుక్కుపోయిన గాజుగుడ్డని ఉప్పునీళ్లతో తడుపుతూ, అవతలి మనిషిని తిడుతూ, వాళ్లు ఆ తిట్లకి నొచ్చుకునేలోపు గుడ్డ ఊడదీసేస్తుంది. నొప్పి తెలియదు.

"తిట్టు మత్తుమందులాంటిదమ్మా" అని కొత్త నర్సులకి పాఠం చెప్పేది. "మెత్తగా మాట్లాడామా, పుండు మనల్ని లెక్కచెయ్యదు."

అందులో అబద్ధమేమీ లేదు. చక్కెర జబ్బుతో కాలు కుళ్లబెట్టుకొచ్చిన లారీ డ్రైవరొకడు ఆవిడ తిట్లకి భయపడి రోజూ కాలు కడుక్కుని, రెండు కాళ్లమీదా నడుచుకుంటూ వచ్చి దణ్ణం పెట్టి వెళ్లాడు. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. తాను తిడితే జబ్బు తగ్గుతుందని కట్లక్క గట్టిగా నమ్మింది. మనకి అచ్చొచ్చిన గుణాన్ని మనం గుణమనే అనుకుంటాం గదా.

ఆవిడకి ఇంకొక పేరు కూడా ఉంది, వేగమని. మధ్యాహ్నంలోపు నలభై కట్లు. ఆ వేగానికి ఒక కిటుకు ఉంది. కొత్తగా వచ్చేవాళ్ల పేరూ వయసూ కింద కౌంటర్లో రాసి, కాగితాలు దొంతరగా పైకి పంపుతారు. మిగతా గడులు కట్లక్క నింపాలి: పాత జబ్బులు, వాడే మందులు, వృత్తి. జబ్బులూ మందులూ మనిషిని అడక్క తప్పదు. వృత్తి గడిని మాత్రం పొద్దున్నే, రోగులింకా మెట్లు ఎక్కకముందే, వరసగా నింపేసేది. ఆడ పేరు కనిపిస్తే "ఇంటిపని". మగ పేరయితే "కూలి". అరవై దాటినవాళ్లకి "ఖాళీ". తర్వాత ఎవరైనా జేబులో కలం పెట్టుకుని వస్తే కూలి కొట్టేసి "ఉద్యోగం" అని రాసేది. ఆడవాళ్లు జేబుల్లేని బట్టలు కట్టుకుంటారు కాబట్టి వాళ్లకి ఆ అదృష్టం కూడా లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అది తప్పనలేదు. ఎవరూ అనలేదు కాబట్టి తప్పు కాదనుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు కిడ్నీ అమ్మాయి వచ్చింది.

అమ్మాయంటే మరీ చిన్నపిల్లేం కాదు, ముప్పై నాలుగేళ్లది. సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. మూడేళ్ల కిందట ఆమెకి రెండు కిడ్నీలూ పాడైతే సొంతక్క ఒకటి ఇచ్చింది. పరాయి కిడ్నీని ఒంట్లో పెడితే ఒళ్లు ఊరుకోదు, దాన్ని తరిమెయ్యాలని చూస్తుంది. అలా చెయ్యకుండా రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రల వల్ల ఒంట్లో జబ్బులతో పోరాడే శక్తి కూడా తగ్గిపోతుంది. చర్మం డాక్టరమ్మ ఈ సంగతి రోగులకి చెప్పేటప్పుడు ఒక మాట అనేది: "చుట్టం వచ్చాడని కాపలా కుక్కని కట్టేశాం. ఇప్పుడు దొంగొచ్చినా అది మొరగదు. జాగ్రత్త."

కిడ్నీ అమ్మాయి కుడిచేతి చూపుడువేలి కణుపు మీద ఎర్రటి బొడిపె లేచి, పగిలి, రసి కారుతోంది. మణికట్టు మీద ఇంకొకటి. మోచేతికి ఇవతల మరొకటి, చర్మం కింద గోలీకాయంత. ఎవరో దారానికి గుచ్చినట్టు ఒకే వరసలో ఉన్నాయి.

కట్లక్క గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. బయట బల్లల మీద ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

"ఎన్నాళ్లకోసారి కడుగుతావు ఈ చేతుల్ని?" అంది కట్లక్క, ఆ ఇరవై మందికీ వినపడేలా. "గోళ్లు చూడు, అంచుల్లో ఆ పాచి చూడు! కిడ్నీ అంటే కూరగాయనుకున్నావా, పోతే ఇంకోటి తెచ్చుకుందామనడానికి? కోయించుకుని ఇచ్చిన మీ అక్క ముఖం చూసైనా శుభ్రంగా ఉండొద్దూ?"

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకుంది. మేజా మీద కాగితం ఉంది. దాని వంక చూసి నోరు తెరిచింది.

"అక్కా, అదీ..."

"అదీ లేదు, ఇదీ లేదు. చెయ్యి ఇటు పెట్టు."

చెయ్యి పెట్టింది.

డాక్టరమ్మ చూసి, మామూలు క్రిములకి వాడే మందు పది రోజులకి రాసింది. రసి తీసి ల్యాబుకి పంపింది. ల్యాబులో ఉండేది బాబాయి. అందరికీ బాబాయే. రసిని వెచ్చటి పెట్టెలో పెట్టి ఏ క్రిమి మొలుస్తుందో చూడటం ఆయన పని. అయిదు రోజులు చూసి "ఏమీ మొలవలేదు" అని రాసి, ఆ గిన్నె పారేశాడు. పద్ధతి ప్రకారం అయిదు రోజులే చూడాలి మరి.

పది రోజులకి తగ్గలేదు. మందు మార్చారు. మూడు గోలీకాయలు అయిదయ్యాయి. కట్లక్క రెండ్రోజులకోసారి కట్టు మార్చేది. ఒక్కోసారి కట్టు అడుగున తడిగా ఉండేది, కాస్త పచ్చటి మరక కూడా.

"గిన్నెలు తోమావు కదూ?" అనేది. "ఒక్క నెల తోమకపోతే కొంపలు మునుగుతాయా? మీ ఆయనకి చేతుల్లేవా?"

"లేదక్కా, ప్లాస్టిక్ కవరు చుట్టుకునే..."

"చుట్టుకుని తోమావన్నమాట. సంతోషం."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అయినా కట్టు మాత్రం చిన్నపిల్లకి జడ వేసినంత జాగ్రత్తగా కట్టేది. తిట్టే నోరూ, కట్టే చెయ్యీ ఒకే మనిషివంటే ఆ అమ్మాయికి ఎలా అనిపించేదో మరి. ఎప్పుడూ "థాంక్సక్కా" అనే వెళ్లేది.

రెండో నెలలో డాక్టరమ్మకి నిద్రపట్టని స్థితి వచ్చింది. కిడ్నీ డాక్టర్లతో మాట్లాడి, కట్టేసిన కుక్కని కాస్త వదులుదామని ఆ మాత్రలు తగ్గించారు. దాంతో కిడ్నీ అలిగింది, రక్తపరీక్షలో అంకె పెరిగింది. ఇటు చెయ్యి, అటు కిడ్నీ. ఆ రోజు డాక్టరమ్మ ఎనభై మంది రోగుల మధ్య ఆ అమ్మాయి కాగితం తిరగేసి తిరగేసి, కట్లు కట్టే గదిలోకి తల పెట్టింది.

"అక్కా, ఈ కిడ్నీ అమ్మాయి బయట పనేమైనా చేస్తుందా? మట్టిలో, నీళ్లలో, జంతువులతో..."

కట్లక్క అప్పుడొక ముసలాయన వీపు మీద కురుపు కడుగుతోంది. తల కూడా తిప్పలేదు. "లేదమ్మా, ఇంట్లోనే ఉంటుంది. రాశాగా."

అంత ధీమాగా చెప్పింది. చూసి వచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ తల ఊపి వెళ్లిపోయింది.

చివరికి సోమవారం ఆపరేషన్ గదిలో వేలు కోసి, లోపల శుభ్రం చేద్దామన్నారు. ఎముకదాకా పాకి ఉంటే వేలు తీసెయ్యాలని కూడా చెప్పారు. వేలితో ఆగుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

శనివారం కట్టు మార్పించుకోవడానికి వచ్చిన కిడ్నీ అమ్మాయి ఎడమచేతిలో ఒక ప్లాస్టిక్ కవరుంది. మూతి రబ్బరు బ్యాండుతో బిగించి ఉంది. లోపల నీళ్లు, నీళ్లలో నారింజరంగు చేప ఒకటి, బొటనవేలంత.

"ఏంటిది?" అంది కట్లక్క.

"మీకేనక్కా." ఆ అమ్మాయి కవరుని మేజా మీద జాగ్రత్తగా ఆనించింది. "సోమవారం తర్వాత వేలు ఉంటుందో ఉండదో. ఇన్ని రోజులూ మీరు విసుక్కోకుండా కట్టారు. మీ మేజా బోసిగా ఉంటుంది కదా అని తెచ్చాను. గట్టి పిల్లే, చావదు. నేను పెంచిందే, మా షాపులో."

విసుక్కోకుండా అంది! కట్లక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

"షాపేంటి?"

"చేపల తొట్ల షాపక్కా. ఇళ్లల్లో పెట్టుకుంటారు చూడండి, గాజు తొట్లు. ఇరవై రెండున్నాయి. నేను కడుగుతాను. నీళ్లు మార్చడం, గోడల పాచి గీకడం, రాళ్లు తోమడం. ఆరేళ్లయింది."

"చేతుల్తోనా?"

"చేతుల్తోనే కదక్కా. వేలు కూడా అక్కడే గీసుకుంది, తొట్టి అంచు పగిలుంటే."

కట్లక్క చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. గోళ్ల అంచుల్లో పాచి. కట్టు అడుగున తడి, పచ్చటి మరక. అన్నీ రెండు నెలలుగా ఆవిడ కళ్లముందే ఉన్నాయి. అన్నిటికీ ఒక్కో తిట్టు తిట్టి పక్కన పెట్టేసింది.

అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఆవిడకి ఇది తెలుసు. పనిలో చేరిన రెండో ఏడే, ఇదే గదిలో, అప్పటి పెద్ద డాక్టరుగారు చేపల తొట్లు కడిగే ఒకాయన చెయ్యి ఎత్తి పట్టుకుని, ఇలాగే వరసగా లేచిన గోలీకాయల్ని చూపించారు. నీళ్లల్లో ఉండే క్రిమి అన్నారు. క్షయ క్రిమికి దాయాదన్నారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లని చిన్న పుండుతో వదిలేస్తుంది, సత్తువ లేనివాళ్లకి ఎముకదాకా పోతుంది అన్నారు. చివర్లో కట్లక్క వైపు తిరిగి, "దీన్ని చూసి పట్టుకోలేమమ్మా, అడిగి పట్టుకోవాలి" అని కూడా అన్నారు. ఇరవై అయిదేళ్ల కిందటి మాట. అంత మంచి మాటని ఎక్కడ పారేసుకుందో ఆవిడకే తెలియదు.

చేప కవరు ఒక చేత్తో, ఆ అమ్మాయి మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని కట్లక్క డాక్టరమ్మ గదిలోకి పరిగెత్తింది. బయట కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు.

డాక్టరమ్మ చేపని చూసింది, చెయ్యిని చూసింది, ఒక్క ఉదుటున లేచింది. సోమవారం ఆపరేషన్ ఆపించింది. కొత్తగా చిన్న ముక్క తీసి, ల్యాబు బాబాయిని పిలిపించి చెప్పింది: ఈ క్రిమికి వెచ్చటి పెట్టె పనికిరాదు, కాస్త చల్లగా ఉంచాలి, అయిదు రోజులు కాదు, ఆరు వారాలు ఆగాలి.

"చల్లటి గది, నెలన్నర విశ్రాంతి. క్రిమా, కొత్తల్లుడా?" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు, కట్లక్క తప్ప.

ఫలితం వచ్చేదాకా ఆగకుండా సరైన మందులు మొదలుపెట్టాలని డాక్టరమ్మ అప్పుడే తేల్చేసింది. అవి కిడ్నీ మాత్రలతో పోట్లాడే మందులు. కాబట్టి వారం వారం రక్తం చూస్తూ ఇవ్వాలి. అన్నీ రాసి, కలం మూసి, డాక్టరమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు గానీ అలసట ఉంది.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా? తొట్లు కడుగుతానని ఒక్క మాట చెప్పుంటే రెండు నెలలు కలిసొచ్చేవి. డాక్టర్ల దగ్గర దాస్తే ఎలా?"

ఆ అమ్మాయి కళ్లెత్తి కట్లక్క వంక చూసింది. ఒక్కసారే. మళ్లీ దించుకుంది.

"తప్పయిపోయింది డాక్టరమ్మా. తోచలేదు."

చెప్పాల్సింది అప్పుడు. నోరు తెరిచి "ఆ అమ్మాయి దాచలేదు, నేను అడగలేదు" అని నాలుగు మాటలు అంటే సరిపోయేది. మెట్లదాకా వినిపించే గొంతు ఆవిడది. ఆ రోజు ఆ గొంతు పెగల్లేదు. తేలు కుట్టిన దొంగలా, చేతిలో చేపతో, కిక్కురుమనకుండా నిలబడింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి వారం విభాగం మీటింగులో డాక్టరమ్మ అందరి ముందూ నిలబడి, "మనం మందులు మార్చుకుంటూ కూర్చున్నాం, పట్టింది మాత్రం మన అక్క. ఒక చేపని చూసి జబ్బు పట్టేసింది" అంది. చప్పట్లు కొట్టారు. మూడేళ్లుగా కట్లక్క ముఖం చూడని హెడ్ నర్సు కూడా కొట్టింది. ఆవిడకి ప్రతి చప్పట్టూ చెంప మీద పడ్డట్టుంది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండునని ఆ క్షణంలో నిజంగానే అనుకుంది. ఎవరో "మాట్లాడండక్కా" అంటే "పనుంది" అని వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడింది. ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముందు గదంతా మిషన్ తలలూ, బెల్టులూ, నూనె డబ్బాలూ. ఆయన కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని ఒక స్క్రూ తిప్పుతున్నాడు.

"మెచ్చుకున్నారటగా. ఎదురింటి నర్సమ్మాయి చెప్పింది. మరి ముఖమేంటి అలా పెట్టావు?"

కట్లక్క చెప్పింది. గడి సంగతి, పొద్దున్నే వరసగా నింపే సంగతి, డాక్టరమ్మ అడిగితే తల తిప్పకుండా చెప్పిన సంగతి. పెళ్లయిన ఇన్నేళ్లలో తన తప్పొకటి ఆయనకి చెప్పడం అదే మొదలు. ఆయన ఏదైనా అంటే ఎదురు తిట్టడానికి కూడా సిద్ధంగానే ఉంది. అలవాటు కదా.

ఆయన స్క్రూ తిప్పడం ఆపి, "అడగనే లేదా?" అన్నాడు. తిట్టినట్టు కాదు, అర్థం కానట్టు. ఆ ఇంటికి మిషన్ పట్టుకుని ఎవరొచ్చినా ఆయన ముందు అడిగేది ఏ గుడ్డ కుట్టారనే. కట్లక్క ఆ ప్రశ్న రోజుకి పదిసార్లు వంటింట్లోంచి వింటూనే ఉంది.

ఆ తర్వాత అయిదు వారాలు ఎలా గడిచాయో ఆవిడకే తెలియాలి. చేపని గాజు సీసాలో వేసి మేజా మీద పెట్టింది. ఇంటికి తీసుకెళ్దామంటే ఇచ్చిన పిల్ల అడుగుతుంది, పారెయ్యడానికి మనసొప్పదు. ప్రతి రోగీ "బాగుందక్కా చేప, ఎక్కడిది?" అని అడిగేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేప మాట ఎత్తితే చాలు, ఆవిడ కట్టిన కట్టే మళ్లీ విప్పి కట్టేది. రోజూ ఈ రోజు చెప్పేద్దామనుకునేది. రోజూ డాక్టరమ్మ తీరిగ్గా లేదనుకునేది. డాక్టరమ్మ ఎన్నడు తీరిగ్గా ఉంది గనక!

కిడ్నీ అమ్మాయి వచ్చేది, కట్టు మార్పించుకునేది, చేపకి మేత వేసేది. ఏమీ అనేది కాదు. అంటే బాగుండేది.

అయిదో వారంలో బాబాయి ఫోను చేశాడు. "అల్లుడు లేచాడు" అన్నాడు. గిన్నెలో చిన్న చిన్న ముద్దలు మొలిచాయి. చీకట్లో పాలిపోయినట్టున్నవి, వెలుతుర్లో పెడితే పసుపురంగుకి తిరిగాయి. ఆ క్రిమి గుర్తు అదే. డాక్టరమ్మ సంబరానికి అంతులేదు. నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ కేసు గురించి డాక్టర్ల సభలో చదవడానికి వ్యాసం రాసింది. రాసి, కట్లు కట్టే గదికే వచ్చి కూర్చుంది.

"వినండక్కా, మీ గురించి కూడా రాశాను" అని చదవడం మొదలుపెట్టింది. వయసు, కిడ్నీ, గోలీకాయలు, మందులు. తర్వాత: "రోగి తన వృత్తిని వైద్యుల వద్ద దాచిపెట్టడం వలన చికిత్స రెండు నెలలు ఆలస్యమైంది."

కట్లక్క చేతిలో గాజుగుడ్డ ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్లీ మడిచింది. ఆ వాక్యం ఇంకో గదిలోకి, ఇంకో ఊళ్లోకి వెళ్తుంది. ముక్కూ ముఖం తెలియని వందమంది డాక్టర్లు ఆ పిల్లని దాపరికపు మనిషనుకుంటారు. కడుక్కోని మనిషని తాను ఇరవై మంది ముందు అంది. ఇప్పుడు వందమంది ముందు ఇంకోటి.

"అది కొట్టెయ్యమ్మా" అంది.

"ఏది?"

"దాచిందన్నది. దాచలేదు. నేనే అడగలేదు. ఆ గడి నేనే నింపాను, ఆ పిల్ల మెట్లెక్కక ముందే. అందరివీ అలాగే నింపుతాను. ఎన్నేళ్లనుంచో."

డాక్టరమ్మ చదువుతున్న కాగితం ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది, "నేను మిమ్మల్ని అడిగాను కదక్కా. బయట పని చేస్తుందా అని. గుర్తుందా?"

"గుర్తుంది."

"లేదన్నారు."

"అన్నాను."

"నేను ఆ అమ్మాయినే అడగాల్సింది. కాగితాన్ని అడిగాను, మిమ్మల్ని అడిగాను, ఎదురుగా కూర్చున్న మనిషిని అడగలేదు." డాక్టరమ్మ లేచింది. వెళ్తూ వెళ్తూ, "ఆ రోజు నేను ఆమెని అన్నప్పుడైనా చెప్పాల్సింది మీరు" అంది. కట్లక్క తల ఊపింది. ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ ఆ వాక్యం మార్చింది: "రోగిని ఆమె వృత్తి గురించి ఎవరూ అడగలేదు" అని. కట్లక్క పాత కాగితం తీయించి, ఇంటిపని కొట్టేసి, పక్కన "చేపల తొట్లు కడుగుతుంది. ముందు రాసినది అడగకుండా రాసినది" అని రాసి సంతకం పెట్టింది.

మందులు తొమ్మిది నెలలు వాడాల్సి వచ్చింది. గోలీకాయలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే కరిగిపోయాయి. కిడ్నీ అలక మానింది. వేలు దక్కింది గానీ, రెండు నెలల ఆలస్యంలో కణుపు లోపల పాడవాల్సింది పాడైంది. ఆ వేలు ఇక వంగదు. అందరూ పిడికిలి బిగిస్తే నాలుగు వేళ్లు ముడుచుకుంటాయి. ఆ అమ్మాయి బిగిస్తే మూడే ముడుచుకుంటాయి, చూపుడువేలు నిటారుగా నిలబడి ఎదుటివాళ్లని చూపిస్తుంది.

ఆఖరిసారి వచ్చినరోజు కట్టు కట్టడానికేమీ లేదు. అయినా కట్లక్క ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఆ తలుపు వెయ్యడం ఆ గది చరిత్రలోనే లేదు. ఇరవై మంది ముందు తిట్టి, తలుపు మూసి క్షమాపణ అడగడమేంటని ఆవిడకే తోచి, వెళ్లి మళ్లీ బార్లా తెరిచి వచ్చింది.

"నేను నీ పని అడగలేదు" అంది, బయటకి వినపడేలా. "అడక్కుండా రాశాను. నీకు శుభ్రం లేదన్నాను. డాక్టరమ్మ నిన్ను అంటుంటే నోరు మూసుకున్నాను. నీ వేలు నావల్ల పాడైందమ్మా. నన్ను క్షమించు."

బయట మాటలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి కంగారుగా లేచి నిలబడింది.

"అయ్యో, అలా అనకండక్కా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మొదటిరోజే చూశానక్కా. కాగితం మీ వైపుంది, నాకు తలకిందులుగా కనపడింది. అయినా చదివాను. ఇంటిపని అని ఉంది. కాదని చెప్దామనే నోరు తెరిచాను." కాస్త ఆగి, నొచ్చుకోకుండా, నొప్పించకుండా, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "మీరు కోపంగా ఉన్నారు. మళ్లీ తిడతారేమోనని భయమేసింది."

"తర్వాతైనా..."

"తర్వాత మీరు రోజూ అంత బాగా కట్టేవాళ్లు కదా. మీదే తప్పన్నట్టు అవుతుందేమోనని చెప్పలేకపోయాను. దానివల్ల ఇంతవుతుందని నాకేం తెలుసక్కా?"

కట్లక్క ఇన్నాళ్లూ అడగకపోవడమే తన తప్పనుకుంది. చెప్పబోయిన నోరు మూయించింది కూడా తానే. తిడితే తగ్గుతుందని నమ్మిన ఇరవై ఏడేళ్లలో, ఇలా నోరు తెరిచి మూసుకుని వెళ్లిపోయినవాళ్లు ఇంకెందరో. వాళ్ల కాగితాలన్నీ కింద గదిలో కట్టలు కట్టి ఉన్నాయి. ఇంటిపని, ఇంటిపని, కూలి, ఇంటిపని.

ఆ అమ్మాయి చేపకి నాలుగు గింజల మేత వేసి, "వెళ్లొస్తానక్కా" అని వంగని వేలున్న చేత్తో దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

కట్లక్క ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. మధ్యాహ్నంలోపు నలభై కట్లు కావడం లేదు, ఇరవై అయిదు దాటితే గొప్ప. ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, "చేతుల్తో ఏం పని చేస్తారు?" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా కలం పట్టుకుని ఆగుతుంది. కొందరికి చెప్పడానికి చాలాసేపు పడుతుంది. బయట వరస పెరిగిపోతోందని హెడ్ నర్సు విసుక్కుంటుంది.

గేటు దగ్గర కాపలాదారుకి కూడా పని పెరిగింది. పైకెళ్లి చెవి పెడితే ఏమీ వినపడటం లేదట. చర్మరోగాల విభాగం ఎటని ఇప్పుడు అందరూ దారి అడుగుతున్నారు.